స్లాబ్ పెచ్చులు ఊడుతుంటే: ప్లాస్టరింగ్ చేయించే ముందు లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి

పాతికేళ్ల ఇంట్లో స్లాబ్ అడుగున పెచ్చు ఊడి పడగానే చాలామంది చేసే పని ఒకటే. తాపీ మేస్త్రిని పిలిచి, ఊడిన చోట సిమెంట్ మెత్తించి, పైన పుట్టీ పెట్టి రంగు వేయించేస్తారు. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అక్కడే, లేదా దాని పక్కనే, ఇంకాస్త పెద్ద పెచ్చు ఊడుతుంది. ఇందులో మేస్త్రి తప్పేమీ లేదు. లోపల ఒక రసాయన చర్య నడుస్తోంది, అది ఏదో ఎవరూ చూడలేదు, అందుకే ఎవరూ దాన్ని ఆపలేదు.

ఏ చర్య నడుస్తోందో తెలుసుకోవడానికి సగం పని మీరే చేసుకోవచ్చు, మిగతా సగానికి ఇంజనీర్, ల్యాబ్ కావాలి. రెండిటినీ వరసగా చెప్తాను. అంతకంటే ముందు ఒక జాగ్రత్త. ఊచలు బయటపడి సన్నబడి కనిపిస్తున్నా, స్లాబ్ కిందికి వంగినట్టు అనిపిస్తున్నా, దూలానికో పిల్లర్‌కో పగులు వచ్చినా కింద రాసినవేవీ మొదలుపెట్టకండి. ఆ గది ఖాళీ చేసి, స్లాబ్ కింద జాకీలు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు.

ముందు ఇది అర్థం చేసుకోండి

కాంక్రీట్ 28 రోజులకు గట్టిపడి, ఆ తర్వాత రాయిలా అలాగే ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. సిమెంట్‌లో నీళ్లు కలిపాక జరిగేది ఎండిపోవడం కాదు, రసాయన చర్య. సిమెంట్‌లోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి రెండు పదార్థాలు తయారవుతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్. ఇసుకనీ కంకరనీ పట్టి ఉంచేది, బలాన్ని ఇచ్చేది ఇదే. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మామూలు సున్నం. ఇది బలానికి పెద్దగా పనికిరాదు కానీ కాంక్రీట్ లోపలి తేమను గట్టి క్షారంగా ఉంచుతుంది, పీహెచ్ 12.5 కంటే ఎక్కువగా. అంత క్షారంలో ఇనుప ఊచ చుట్టూ కంటికి కనిపించని పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు దాదాపు ఆగిపోయినట్టే.

ఆ సిలికేట్లలో ఒకటి చురుగ్గా పనిచేస్తుంది, మొదటి నెలలో వచ్చే బలం చాలావరకు దానిదే. ఇంకొకటి చాలా నెమ్మది, నెలలూ ఏళ్లూ తీసుకుంటుంది. అందుకే నీళ్లు బాగా పట్టిన కాంక్రీట్ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బలం పెంచుకుంటూనే ఉంటుంది. అదే సమయంలో బయటి నుంచి గాలి, ఉప్పు, సల్ఫేట్లు లోపలికి వస్తుంటాయి. వాటిలో కొన్ని కాంక్రీట్‌ని ఏమీ చేయకుండా లోపలి ఇనుముని తినేస్తాయి, కొన్ని కాంక్రీట్‌నే ఉబ్బించి చీలుస్తాయి, కొన్ని అందులోని సున్నాన్ని కరిగించి గుల్ల చేస్తాయి. పైకి అన్నీ పగుళ్లలాగే కనిపిస్తాయి కానీ దేని మందు దానిదే. ఒకదానికి చేసే రిపేరు ఇంకొకదానికి పనికిరాదు, కొన్నిసార్లు చెడు కూడా చేస్తుంది.

మొదటి పని: పగుళ్లు ఎటు పోతున్నాయో చూడండి

పగటిపూట, మంచి టార్చ్‌లైట్ తీసుకుని, స్లాబ్ అడుగంతా ఒకసారి తిరిగి చూడండి. ఫొటోలు తీయండి, గది గీసుకుని ఎక్కడ ఏం కనిపించిందో గుర్తు పెట్టండి. పగులు సూటిగా, వరుస వరుసగా, ఊచలు ఉన్న దారిలోనే పోతూ అక్కడక్కడ గోధుమరంగు మరక ఉంటే అది ఇనుము తుప్పు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ తోపుడుకి పైనున్న కాంక్రీట్ చీలి పెచ్చుగా ఊడుతుంది. ఇళ్లలో పది కేసులు చూస్తే ఎక్కువ ఇవే.

తెల్లటి పొడి, లేదా సున్నపు ధారలు కారి గట్టిపడినట్టు ఉంటే పైనుంచి నీళ్లు దిగుతున్నాయి. దిగుతూ దిగుతూ లోపలి సున్నాన్ని కరిగించి తెచ్చి బయట వదిలేస్తున్నాయి. పగులు ఒక దారంటూ లేకుండా ఎండిన చెరువు నేలలా గళ్లు గళ్లుగా ఉంటే అది ప్లాస్టరింగ్‌దా కాంక్రీట్‌దా అని ముందు తేల్చుకోవాలి. ప్లాస్టర్ ముక్క కొంచెం తీసి చూడండి, పగులు ప్లాస్టర్ దగ్గరే ఆగిపోతే టెన్షన్ పడాల్సింది లేదు. నేలకు దగ్గరగా పిల్లర్లు, ప్లింత్ బీము మెత్తబడి పొడిలా రాలుతుంటే నేలలోని లవణాల్ని అనుమానించాలి.

బాత్రూమ్ కింది స్లాబ్‌ని విడిగా చూడండి. అక్కడ నీటి కారుడు ఒక్కటే కాదు, టైల్స్ కడగడానికి వాడే యాసిడ్ కూడా ఉంటుంది. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. టైల్స్ మధ్య సందుల్లోంచి దిగితే కాంక్రీట్‌లోని సున్నాన్ని కరిగించి, ఇనుముకి పరమ శత్రువైన క్లోరైడ్‌ని అక్కడ వదిలిపెడుతుంది. ఆ బాటిల్ ఇంట్లో ఉంటే ఈ రోజు నుంచే మానేయండి.

రెండో పని: కొట్టి వినండి

చిన్న సుత్తితో, పావు కిలో చాలు, అడుగడుగుకీ మెల్లగా కొడుతూ పోండి. గట్టి కాంక్రీట్ ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట గుల్ల శబ్దం వస్తుంది. గుల్ల ఉన్నంత మేరా సుద్దముక్కతో గీత గీయండి. బయటికి ఊడింది అరచేయంత అయితే గుల్ల పళ్లెమంత ఉండడం మామూలే, మేస్త్రి చెప్పే అంచనా తప్పేది ఇక్కడే. తలకి హెల్మెట్, కళ్లకి గాగుల్స్ లేకుండా ఈ పని చేయకండి, కొట్టే చోటికి సరిగ్గా కింద నిలబడకండి.

మూడో పని: గులాబీ రంగు పరీక్ష

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, ఖర్చు కూడా తక్కువ. పదో తరగతి ల్యాబ్‌లో వాడిన ఫినాఫ్తలీన్ గుర్తుందా, అదే. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో తయారు ద్రావణమే దొరుకుతుంది. పొడి తెచ్చుకుంటే 70 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 1 గ్రాము కరిగించి 30 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. గ్లౌజులు వేసుకోండి, మంటకి దూరంగా ఉంచండి.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీట్ సందుల్లోంచి లోపలికి దిగుతూ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. చర్య జరిగిన మేర పీహెచ్ 9 కంటే కిందికి పడిపోతుంది. ఫినాఫ్తలీన్ క్షారం తగిలితే గులాబీ రంగుకి మారుతుంది, లేకపోతే రంగు రాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవడం కూడా క్షారం పనే, కాకపోతే పసుపు తక్కువ పీహెచ్‌లోనే రంగు మారుతుంది కాబట్టి ఈ పరీక్షకి పనికిరాదు.

చేసే పద్ధతి ఇది. గుల్ల లేని గట్టి చోట ఒకటి, గుల్ల ఉన్న చోట ఒకటి, చెమ్మ ఉన్న చోట ఒకటి, చెమ్మ లేని చోట ఒకటి ఎంచుకోండి. ఉలి, సుత్తితో ఊచ కనిపించేదాకా చిన్న గుంట తీయండి. డ్రిల్లు వాడకండి, లోపలి పొడి బయటి అంచుకి అంటుకుని అంతా గులాబీగా కనిపించి మోసం చేస్తుంది. నీళ్లతో కడగకండి, గాలి ఊది దుమ్ము తీసేసి, అప్పుడే తెగిన తాజా ముఖం మీద ద్రావణం చల్లండి. కాసేపట్లో లోపలి భాగం ముదురు గులాబీ అవుతుంది, బయటి భాగం మామూలు రంగులోనే ఉంటుంది. బయటి అంచు నుంచి గులాబీ మొదలయ్యేదాకా స్కేలుతో కొలవండి. ఇది కార్బొనేషన్ లోతు. ఊచ ఎంత లోతులో ఉందో కూడా కొలవండి, అది కవర్. ప్లాస్టర్ మందాన్ని ఈ రెండిట్లోనూ కలపకుండా విడిగా రాసుకోండి.

ఇప్పుడు లెక్క. కార్బొనేషన్ లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది, అంటే మొదట్లో త్వరగా, తర్వాత నెమ్మదిగా. ఇల్లు కట్టి 16 ఏళ్లయింది, లోతు 12 మిల్లీమీటర్లు వచ్చింది అనుకోండి. 16కి వర్గమూలం 4, 12ని 4తో భాగిస్తే 3. ఊచ 15 మిల్లీమీటర్ల లోతులో ఉంటే 15ని 3తో భాగిస్తే 5, దాని వర్గం 25. కాబట్టి ఇంటికి 25 ఏళ్లు వచ్చేసరికి కార్బొనేషన్ ఊచని తాకుతుంది, ఇంకా 9 ఏళ్ల టైముంది. అదే ఊచ 20 మిల్లీమీటర్ల లోతులో ఉంటే లెక్క 44 ఏళ్లకి పోతుంది. అయిదు మిల్లీమీటర్లకి దాదాపు 20 ఏళ్లు! స్లాబ్ వేసే రోజు కవర్ బ్లాకులు లేకుండా కంకర ముక్కల మీద ఊచలు పెట్టేస్తే పోగొట్టుకునేది ఇదన్నమాట. ఇది సుమారు లెక్కే, తేమను బట్టి, కాంక్రీట్ నాణ్యతను బట్టి చోటుచోటుకీ మారుతుంది. మరీ పొడిగా ఉన్నా, పూర్తిగా తడిసి ఉన్నా కార్బొనేషన్ నెమ్మదిగా సాగుతుంది, గాలిలో తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు వేగంగా సాగుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కార్బొనేషన్ మామూలు సిమెంట్ కాంక్రీట్‌ని బలహీనపరచదు, కాల్షియం కార్బొనేట్ సందుల్ని నింపేస్తుంది కాబట్టి పైపొర ఇంకా గట్టిపడుతుంది కూడా. నష్టమంతా ఇనుముకి. ఎవరైనా రీబౌండ్ హామర్ (పైపొర గట్టిదనాన్ని దెబ్బ కొట్టి కొలిచే పరికరం) పట్టుకొచ్చి నాలుగు దెబ్బలు కొట్టి "మీ కాంక్రీట్ బ్రహ్మాండంగా ఉంది" అంటే నమ్మేయకండి. పాత ఇళ్లలో ఆ హామర్ కొలిచేది కార్బొనేషన్‌తో గట్టిపడిన ఆ పైపొరనే, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోపల ఊచ తుప్పు పడుతోందో లేదో దానికి తెలియదు.

నాలుగో పని: గులాబీ వచ్చినా తుప్పు ఉంటే ఉప్పు సంగతి చూడండి

ఊచ చుట్టూ కాంక్రీట్ చక్కగా గులాబీ రంగు వచ్చింది, అయినా ఊచ మీద తుప్పు ఉంది, అక్కడక్కడ గుంటలు పడింది. ఇలా ఉంటే కార్బొనేషన్‌ని వదిలేయండి, అది క్లోరైడ్. ఉప్పులోని ఈ క్లోరైడ్ క్షారం ఎంతున్నా ఊచ మీది పొరని చుక్కలు చుక్కలుగా చిల్లులు పెడుతుంది. కార్బొనేషన్ తుప్పు ఊచంతా సమంగా పడుతుంది, చాలాముందే పెచ్చులూడి హెచ్చరిస్తుంది. క్లోరైడ్ తుప్పు ఒకే చోట లోతుగా తింటుంది, ఒక్కోసారి పైన పెద్దగా ఏమీ కనిపించకుండానే ఊచ తెగిపోయేదాకా పోతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలితోనే ఉప్పు వస్తుంది. కోనసీమ, భీమవరం వైపు, రొయ్యల చెరువులు ఎక్కువున్న చోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లతోనే కాంక్రీట్ కలిపి, ఆ నీళ్లే క్యూరింగ్‌కి పట్టిన ఇళ్లు ఎన్నో. కాంక్రీట్ కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీట్‌కి కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, మొత్తం కాంక్రీట్‌లో ఘనపు మీటరుకి 0.6 కిలో దాటకూడదు. ఘనపు మీటరుకి 180 లీటర్ల నీళ్లు పోశారనుకుందాం. లీటరుకి 3000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న బోరు నీళ్లయితే ఒక్క నీటి నుంచే 0.54 కిలో వచ్చేస్తుంది. ఇసుకలో ఇంకాస్త ఉంటే హద్దు దాటినట్టే, అంటే ఆ స్లాబ్ పుట్టినరోజు నుంచే తుప్పుకి సిద్ధంగా ఉన్నట్టు.

ల్యాబ్‌కి నమూనా ఇచ్చేటప్పుడు ఒక్క చోట పొడి తీసి ఇవ్వకండి. డ్రిల్లుతో 10 మిల్లీమీటర్లకి ఒక పొర చొప్పున, పైనుంచి ఊచ అవతలిదాకా, విడివిడి కవర్లలో పొడి పట్టి, లోతు రాసి ఇవ్వండి, పొర మారినప్పుడల్లా గుంట ఊడ్చి, బిట్టు తుడవాలి. ఈ పరీక్షకి డ్రిల్లు సరైనదే, గులాబీ పరీక్షకే పనికిరాదు. ఫలితం వచ్చాక అంకెల వరస చూడండి. పైపొరలో ఎక్కువుండి లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంటే ఉప్పు బయటి నుంచి వస్తోంది, దాన్ని ఆపే దారులున్నాయి. అన్ని పొరల్లోనూ ఒకేలా ఉంటే కలిపిన రోజే ఇసుకతోనో నీళ్లతోనో వచ్చింది, అప్పుడు పైన ఎంత మంచి కోటింగ్ వేసినా లోపలున్నది ఎక్కడికీ పోదు. ఈ తేడా తెలియకుండా లక్షలు పెట్టి రిపేరు చేయించడం చూస్తే బాధేస్తుంది.

అయిదో పని: ఊచ ఎంత మిగిలిందో కొలవండి

తుప్పు కనిపించిన చోట వైర్ బ్రష్‌తో బాగా రుద్ది, తెల్లటి ఇనుము కనిపించాక వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 8 మిల్లీమీటర్ల ఊచ 7కి తగ్గితే ఎంతో కాదులే అనిపిస్తుంది, కానీ బలం ఊచ కోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 7కి తగ్గితే 23 శాతం, 6కి తగ్గితే 44 శాతం పోయినట్టు. పైగా తుప్పు పొర వల్ల కాంక్రీట్‌కీ ఊచకీ మధ్య పట్టు వదిలిపోతుంది. పట్టు లేని ఊచ ఉన్నా లెక్కలోకి రాదు, స్లాబ్ వంగుడు పెరుగుతుంది. ఈ అంకెలన్నీ కాగితం మీద పెట్టి ఇంజనీర్‌కి ఇవ్వండి, ఆయన నిర్ణయం సగం వీటి మీదే ఆధారపడుతుంది.

వంగుడు సంగతి

స్లాబ్ మధ్యలో దిగినట్టు అనుమానం ఉంటే ఎదురెదురు గోడల దగ్గర స్లాబ్‌కి సమాన దూరంలో దారం బిగుతుగా కట్టి, మధ్యలో దారానికీ స్లాబ్‌కీ మధ్య ఖాళీ కొలవండి. చివర్లలో ఉన్నదానికంటే మధ్యలో ఎంత తగ్గితే అంత దిగినట్టు. ఐఎస్ 456 చివరికి స్పాన్‌లో, అంటే ఆనుకున్న గోడల మధ్య దూరంలో, 250వ వంతు దాకా ఒప్పుకుంటుంది, 4 మీటర్ల గదికి 16 మిల్లీమీటర్లు. సెంట్రింగ్ రోజే పలకలు దిగి ఉండొచ్చు కాబట్టి ఒక్క కొలత చాలదు. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచి పెరుగుతోందో లేదో చూడాలి.

తుప్పు ఏమీ లేకపోయినా స్లాబ్ ఏళ్ల తరబడి కొంత దిగుతుంది, దాన్ని క్రీప్ అంటారు. బరువు మోస్తూ ఉన్నప్పుడు, ఇందాక చెప్పిన కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌లోని సన్నటి సందుల్లో నీళ్లు కదులుతాయి, ఆ పదార్థం నెమ్మదిగా జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది బరువు పడిన రోజుకి కాంక్రీట్ వయసు ఎంతో, అంటే సిమెంట్‌కీ నీటికీ మధ్య చర్య (హైడ్రేషన్) ఎంతవరకు పూర్తయిందో, దాని మీద ఉంటుంది. ఐఎస్ 456 ఇచ్చే క్రీప్ గుణకం, అంటే బరువు పడగానే వచ్చిన మార్పుకి ఎన్ని రెట్లు అదనంగా తర్వాత జరుగుతుందో చెప్పేది, 7 రోజులకి బరువు పెడితే 2.2, 28 రోజులకైతే 1.6, ఏడాదికైతే 1.1. సెంట్రింగ్ అద్దె మిగులుతుందని త్వరగా విప్పేసి, వారానికే పైన ఇటుకలు పేర్చేసిన స్లాబ్ పదేళ్ల తర్వాత కూడా ఆ తొందరకి మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది.

అరుదైనవి రెండు

నేలలో, లేదా నేలనీటిలో సల్ఫేట్లు ఉంటే అవి సిమెంట్‌లోని అల్యూమినేట్‌తో కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికాలుగా పెరుగుతాయి, కాంక్రీట్ ఉబ్బి మూలలు ముందుగా రాలతాయి. మెగ్నీషియం సల్ఫేట్ అయితే ఇంకా దుర్మార్గం, బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌నే విడగొడుతుంది. పునాది దగ్గర పొడి రాలుతుంటే నేలనీ, నీళ్లనీ రెండిటినీ ల్యాబ్‌కి ఇవ్వండి.

రెండోది ఆల్కలీ సిలికా చర్య. 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ మొదట బయటపెట్టాడు. కంకరలోని కొన్ని రకాల సిలికా, సిమెంట్‌లోని సోడియం, పొటాషియం క్షారాలతో కలిసి ఒక జెల్ అవుతుంది, ఆ జెల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. మన దేశంలో ఒడిశాలోని హిరాకుడ్, ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్ ఆనకట్టల్లో ఈ సమస్య వచ్చింది. తేమ ఎప్పుడూ ఉంటేనే నడుస్తుంది కాబట్టి ఇంటి లోపలి పొడి స్లాబ్‌లకి ఈ భయం అక్కర్లేదు. నీళ్ల ట్యాంకులు, రిటైనింగ్ గోడల దగ్గర గళ్లు గళ్లుగా పగిలి, పగులు అంచుల్లో జిగురు మరక ఉంటే అనుమానించండి. ఈ చర్యలో కాంక్రీట్ బిగువు (స్థితిస్థాపక గుణకం), లాగుడుని తట్టుకునే బలం ముందుగా పడిపోతాయి, నొక్కుడు బలం చాలాకాలం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి కోర్ (కాంక్రీట్‌లోంచి స్తంభంలా గుండ్రంగా కోసి తీసిన ముక్క) తీసి నొక్కి చూసి "పాస్" అంటే సరిపోదు, స్థితిస్థాపక గుణకం కూడా కొలవమని అడగండి.

ఇంజనీర్‌ని ఏం అడగాలి

ఊచ దగ్గర విద్యుత్ వోల్టేజిని కొలిచే హాఫ్ సెల్ పొటెన్షియల్ పరీక్ష చేయించమనండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం పైగా అవకాశం, మైనస్ 200 కంటే పైన ఉంటే లేదనడానికి అంతే అవకాశం. పెచ్చు ఊడకముందే ఎక్కడ ఊడబోతోందో చెప్పే పరీక్ష ఇది. కాంక్రీట్ గుండా ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసోనిక్ పరీక్షలో వాటి వేగం సెకనుకి 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీట్ బాగున్నట్టు, 3 కంటే తక్కువైతే అనుమానించాల్సినట్టు. కోర్లు తీస్తే సగటు బలం అనుకున్న గ్రేడ్‌లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

రిపేరు ఎలా చేయించాలి

అన్నిటికంటే ముందు నీళ్లు ఆపండి. పైన డాబా మీదో, బాత్రూమ్‌లోనో కారుడు ఆగకుండా కింద ఏం చేసినా డబ్బు దండగ.

తర్వాత జాకీలు. ఊచల వెనక కాంక్రీట్ తీసేటప్పుడు స్లాబ్ బలం ఇంకా తగ్గుతుంది, జాకీలు లేకుండా చిప్పింగ్ మొదలుపెట్టనివ్వకండి. గుల్ల మేరే కాదు, మంచి కాంక్రీట్ వచ్చేదాకా తీయించి, ఊచ వెనక కూడా వేలు పట్టేంత, 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా చూసుకోండి. ముందు వైపు మాత్రమే శుభ్రం చేస్తే వెనక వైపు తుప్పు నడుస్తూనే ఉంటుంది. తుప్పు పూర్తిగా తీశాక, అవసరమైన చోట ఇంజనీర్ చెప్పినట్టు కొత్త ఊచ జత చేసి, రక్షణ కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్‌తో పొరలు పొరలుగా నింపాలి. దానికీ నీళ్లు పట్టాలి, కంపెనీ చెప్పినన్ని రోజులు.

క్లోరైడ్ కేసు అయితే ఇంకో చిక్కుంది, ఇది తప్పక గుర్తుంచుకోండి. తుప్పు పట్టే చోటు తను తినిపోతూ పక్కనున్న ఊచని కాపాడుతూ ఉంటుంది, విద్యుత్ రసాయనం అలా పనిచేస్తుంది. మీరు ఆ ఒక్క చోటే కొత్త మోర్టార్‌తో బాగుచేస్తే, ఇప్పటిదాకా రక్షణలో ఉన్న పక్క భాగం తుప్పు పట్టడం మొదలవుతుంది. ప్యాచ్ చుట్టూ రింగులాగా కొత్త పెచ్చులు ఊడేది అందుకే. కాబట్టి ఉప్పు చేరిన కాంక్రీట్‌ని వెడల్పుగా తీయాలి, లేదా ప్యాచ్ అంచుల్లో ఊచకి జింక్ యానోడ్లు కట్టించాలి, ఊచకి బదులు జింకే తినిపోతుంది. కాంక్రీట్ మొత్తం ఉప్పే అయితే ఆ స్లాబ్ తీసి కొత్తది వేయడమే చౌక, మనసొప్పకపోయినా.

కార్బొనేషన్ కేసులో ఇంత కష్టం లేదు. రిపేరు అయ్యాక మిగతా స్లాబ్ అంతటికీ కార్బన్ డయాక్సైడ్‌ని అడ్డుకునే యాంటీ కార్బొనేషన్ పెయింట్ వేయించి, గది లోపల చెమ్మ లేకుండా చూసుకుంటే చాలా ఏళ్లు నిలబడుతుంది.

జిప్సం ప్లాస్టర్, పీఓపీ మాత్రం చెమ్మ ఉన్న స్లాబ్‌కి వద్దు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. అది ఊచని కాపాడేంత క్షారం కాదు, తడిలో సిమెంట్‌తో చేరితే పైన చెప్పిన ఎట్రింజైట్‌కి దారి తీస్తుంది. ఫాల్స్ సీలింగ్ కొట్టించి కప్పేయడం ఇంకా ప్రమాదం, పెచ్చు ఊడేదాకా ఎవరికీ ఏమీ కనపడదు.

కొత్తగా కడుతున్నవాళ్లకి

సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీట్, 45 మిల్లీమీటర్ల కవర్, నీళ్లు సిమెంట్ నిష్పత్తి 0.45 కంటే ఎక్కువ కాకుండా ఉండాలంటుంది. ఊళ్లో మామూలుగా వేసే ఎం20 అక్కడ సరిపోదు. స్లాగ్ సిమెంట్ (ఇనుప కొలిమి చిట్టెం పొడి కలిపినది), ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంట్ క్లోరైడ్‌ని బాగా అడ్డుకుంటాయి, ఎందుకంటే ఫ్లై యాష్ మిగిలిన సున్నంతో కలిసి ఇంకా బలమిచ్చే పదార్థాన్నే తయారుచేసి సందులు మూసేస్తుంది. ఈ చర్య నెమ్మది, నీళ్లు ఉంటేనే జరుగుతుంది. మూడు రోజులు నీళ్లు చల్లి వదిలేస్తే ఆ చర్య సగంలో ఆగిపోయి సందులు మూసుకోవు, పైగా పీపీసీలో సున్నం మొదటే తక్కువ, అప్పుడు కార్బొనేషన్ మామూలు సిమెంట్ కంటే వేగంగా దిగుతుంది. పీపీసీకి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు మడులు కట్టి నీళ్లు నిలబెట్టండి. స్లాబ్ కింద జాకీలు 4.5 మీటర్ల స్పాన్ దాకా 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెప్పేది కనీస లెక్క. ఇంకొన్ని రోజులు ఉంచితే ఇల్లంత కాలం లాభం.

రిపేరు అయిపోయాక కూడా ఒక పని మిగులుతుంది. మిగిలిన ప్రతి సన్న పగులు చివర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి, వెడల్పు కొలిచే క్రాక్ గేజ్ కార్డుతో అంకె కూడా రాసుకోండి. ఏటా వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చూడండి. పగులు గీత దాటి పోయినా, వెడల్పు పెరిగినా ఆ పక్కనే కొత్త గుంట తీసి గులాబీ పరీక్ష మళ్లీ చేయండి, పాత కొలతతో పోల్చుకోండి.